రోజూ డార్క్ చాక్లెట్ తింటున్నా, కానీ ఆ పర్సంటేజీని మాత్రం నమ్మట్లేదు

డార్క్ చాక్లెట్ గుండెకి మంచిదంటారు, యాంటీఆక్సిడెంట్లు ఉంటాయంటారు, ఇవన్నీ అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. చాలా ఏళ్లుగా రోజూ రెండు ముక్కలు తింటున్నా, కోకో పొడి కూడా వాడుతున్నా. నా కోపమంతా ఒక్కదాని మీదే, రేపర్ మీద అంత పెద్దగా అచ్చేసే 70%, 85% అనే అంకె మీద.

మనకి పనికొచ్చేవి ఫ్లేవనాల్స్, అంటే కోకో గింజలో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు, అందులో ముఖ్యంగా ఎపికాటెచిన్ అనేది. రక్తనాళాలు సాగే గుణం కాపాడుకోవడానికి రోజుకి 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ కావాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో చెప్పింది. రేపర్ మీది పర్సంటేజీ మాత్రం కోకో బటర్, అంటే కోకో గింజలోని కొవ్వు కూడా కలిపి లెక్కేసింది, ఫ్లేవనాల్స్ ఎన్ని మిగిలాయో అందులో ఉండదు.

నేను బాగా ఇష్టపడ్డ కోకో పొడి ఒకటి ఉండేది, నల్లగా, అస్సలు వగరు లేకుండా, నీళ్లలో ఇట్టే కలిసిపోయేది, కనిపించినవాళ్లందరికీ అదే కొనమని చెప్పేవాణ్ణి. ఒకసారి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే అసిడిటీ రెగ్యులేటర్ 501 అని ఉంది, అంటే పొటాషియం కార్బొనేట్, అంటే కోకోని ఆల్కలీతో (క్షారంతో) ప్రాసెస్ చేశారు, ఆ నలుపూ ఆ మెత్తని రుచీ దాన్నించే వచ్చాయి. దాని గురించి వెతికితే 2008లో వచ్చిన ఒక పరిశోధన దొరికింది: ఆల్కలీ కలపని పొడిలో గ్రాముకి సగటున 34.6 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉంటే, గట్టిగా ప్రాసెస్ చేసినదాంట్లో 3.9 మాత్రమే ఉన్నాయట. దాదాపు తొమ్మిదో వంతు! చాలా కోపమొచ్చింది, ఎందుకంటే డబ్బా ముందువైపు ఆరోగ్యం అని రాసి వెనక ఈ సంగతి దాచినట్టే కదా. ఇప్పుడు ఆల్కలీ లేని పొడే తెచ్చుకుంటున్నా, ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, పుల్లగా వగరుగా ఉంటుంది, అలవాటవడానికి టైమ్ పట్టింది కానీ ఇప్పుడు ఆ వగరే బాగుంది.

బీపీ తగ్గుతుందని ఇదివరకు గట్టిగానే చెప్పేవాణ్ణి, అది కొంచెం సర్దుకోవాలి. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 సమీక్షలో 35 ట్రయల్స్ కలిపి చూస్తే బీపీ సగటున తగ్గింది 1.76 పాయింట్లే. 2022లో వచ్చిన కాస్మోస్ ట్రయల్‌లో 21 వేల మందికి పైగా పెద్దవయసువాళ్లు ఉన్నారు, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ క్యాప్సూల్స్‌లో ఇచ్చారు, గుండె జబ్బుల మొత్తం సంఖ్యలో నమ్మదగ్గ తేడా రాలేదు, గుండె సంబంధ మరణాలు మాత్రం 27% తక్కువ కనిపించాయి, కానీ అది ట్రయల్ ప్రధానంగా తేల్చాలనుకున్న ప్రశ్న కాదు. పైగా అవి క్యాప్సూల్స్, చక్కెరా కొవ్వూ ఉన్న చాక్లెట్ కాదు.

రాత్రి తింటే నాకు నిద్ర పట్టదు, కోకోలో ఉండే థియోబ్రోమిన్ (కెఫీన్‌లాంటిదే) వల్లో కెఫీన్ వల్లో, అందుకే మధ్యాహ్నంలోపే తినేస్తా.

నా బీపీ మామూలుగానే ఉంది, షుగర్ లేదు, కాబట్టి నాకు ఈ అలవాటు నప్పింది. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడేవాళ్లు వాటి బదులు ఇది తినొద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్ని అడిగి తినండి, కోకోలో రాళ్లకి కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ. పిల్లలకైతే నేను రోజూ పెట్టను, కోకోలో కాడ్మియం, సీసం వస్తున్నాయి, చిన్న ఒంటికి అవి ఎక్కువ చేటు.