జనాభా లెక్కల్లో లేని ముత్తాత పింఛను కాగితాల్లో దొరికాడు

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికి పూర్వీకుల్ని వెతికే పని చాలా తేలిక అనిపిస్తుంది. "సెన్సస్ తీయండి మామయ్యా, తాతలు ముత్తాతలు వరసగా వచ్చేస్తారు" అంటాడు. వాడున్న చోట అది నిజమే. అక్కడ 72 ఏళ్ళు దాటిన జనగణన షీట్లను ఇంటింటి పేర్లతో సహా జనానికి ఇచ్చేస్తారు. 1950 నాటివి 2022లో బయటికొచ్చాయి. మన జనగణన నుంచి మాత్రం ఒక్క మనిషి పేరు కూడా బయటికి రాదు. 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఆ పత్రాలను చూసే హక్కు ఎవరికీ లేదంటుంది. అంతకుముందు బ్రిటిష్ వాళ్ళు రాయించిన చీటీలను, పట్టికలు తయారయ్యాక, ఉంచే అలవాటు లేదు.

కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం వైపు పూర్వీకుల్ని వెతకాలనుకునేవాళ్ళకు, కొన్నేళ్ళుగా ఈ రికార్డుల మీద పడి ఉన్న మనిషిగా నా తీర్పు ముందే చెప్పేస్తాను. జనాభా లెక్కలు ఊరిని చూపిస్తాయి. పింఛను కాగితాలు మనిషిని చూపిస్తాయి. సర్కారు ఎవరికైనా డబ్బు ఇవ్వాల్సి వచ్చినా, ఎవరి దగ్గరైనా వసూలు చేయాల్సి వచ్చినా, అక్కడ తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలతో సహా రాసి ఉంటుంది. ఊరికే లెక్కపెట్టిన చోట అంకెలే ఉంటాయి.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. ముత్తాత అప్పలస్వామి బెంగాల్ నాగపూర్ రైల్వేలో, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసి ఊరికి తిరిగొచ్చాడు. ఆయనకొక తమ్ముడుండేవాడని మాత్రం ఇంట్లో అనుకునేవారు. పేరు ఎవరికీ గుర్తులేదు. మా మేనత్తను అడిగితే, "రంగం ఎల్లిపోనాడంట నాయనా, మరి రానేదు" అనేది. రంగం అంటే రంగూన్. ఆ తమ్ముడికి పెళ్ళయిందా, పిల్లలున్నారా, ఉంటే ఇప్పుడెక్కడున్నారు అన్నది నా ప్రశ్న.

మొదట జనగణన పుస్తకాల గురించి. పేర్లు లేవని పక్కన పడేయక్కర్లేదు. 1951 నుంచీ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు స్కాన్ చేసి సెన్సస్ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టారు. 1961 దాంట్లో ఊరూరికీ ఇళ్ళెన్ని, ఆడా మగా ఎందరు, సేద్యం చేసేవాళ్ళు, కూలీలు ఎందరు అన్నది తొమ్మిది తరగతులుగా దొరుకుతుంది. వీటి అసలు ఉపయోగం ఊరిని పట్టుకోవడం. మన వైపు కొత్తవలసలు, రామభద్రపురాలు, జగన్నాథపురాలు ఎన్నో. పాత కాగితంలో ఊరిపేరు ఒక్కటే ఉంటే ఏ తాలూకాదో తేల్చుకోకుండా అడుగు ముందుకు పడదు. బేచిరాకైపోయిన, అంటే జనం లేక ఖాళీ అయిపోయిన ఊళ్ళ పేర్లు కూడా ఇక్కడే కనిపిస్తాయి.

ఇంకో తలనొప్పి జిల్లాలు. బొబ్బిలి ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టాక అందులోకి వెళ్ళింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చింది. అంటే మా ముత్తాత రైల్వే కాగితంలో వైజాగపటం, మా తాత కాగితంలో శ్రీకాకుళం, నాన్నది విజయనగరం. ముగ్గురూ పుట్టింది ఒకే ఇంట్లో. శ్రీకాకుళం, టెక్కలి వైపువాళ్ళయితే 1936లో ఒరిస్సా విడిపోకముందు గంజాం జిల్లా కింద వెతకాలి. 2022లో రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోవడంతో రేపటి మునిమనవలకు కూడా పని దొరికింది.

ఇక పింఛను కాగితాలు. మేం అసలు వీటి జోలికి పోలేదు, ఎందుకంటే ముత్తాతకు పింఛనే లేదు. రైల్వేలో పింఛను పథకం వచ్చింది 1957 నవంబరులో. ఆయన అంతకుముందే రిటైరయ్యాడు, ప్రావిడెంట్ ఫండ్ తీసుకుని వచ్చేశాడు. "పింఛను లేనోడికి కాగితాలెక్కడివి" అని చిన్నాన్న కూడా కొట్టిపారేశాడు. చాలా ఇళ్ళలో ఇదే మాట వింటారు, ఇక్కడితో ఆగిపోతారు.

ఆగకూడదు. పీఎఫ్‌తో రిటైరై చనిపోయిన ఉద్యోగుల భార్యలకు నెలకు 150 రూపాయలు, దాని మీద కరువు భత్యం ఇస్తూ 1988లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది, 1986 జనవరి 1 నుంచి వర్తించేలా. అప్పటికి మా తాతమ్మ బతికే ఉంది. ఊళ్ళో ఎవరో రైల్వే ఆయన చెబితే దరఖాస్తు పెట్టించారు. ఆ నకలు ట్రంకుపెట్టె అడుగున, రేషన్ కార్డుల కింద ఉంది. ఆ నూటయాభై కోసం పాపం ఆవిడ ఎన్ని రుజువు చేయాల్సి వచ్చిందో! భర్త పేరు, ఆయన తండ్రి పేరు, వర్క్‌షాపు టికెట్ నంబరు (అక్కడ ఒక్కో పనివాడికి ఇచ్చే నంబరు), పీఎఫ్ ఖాతా నంబరు, పెళ్ళయిన ఏడాది సుమారుగా, పుట్టిన పిల్లలందరి పేర్లు వయసులతో, అందులో పోయినవాళ్ళు ఎవరో, ఇద్దరు సాక్షులు, మండల కార్యాలయం ముద్ర, ఎడమ బొటనవేలి ముద్ర, కుడి చెంప మీద మచ్చ. మాకు తెలియని ఇద్దరు పిల్లల పేర్లు అందులో ఉన్నాయి. ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. ఆ పేర్లు ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

ఆ టికెట్ నంబరు, పీఎఫ్ నంబరే తర్వాతి తాళం. సమాచార హక్కు కింద సర్వీసు షీటు, నామినేషన్ పత్రాల (తను పోతే పీఎఫ్ డబ్బు ఎవరికి ఇవ్వాలో ఉద్యోగి రాసిచ్చేవి) నకళ్ళు అడిగాను. కేంద్ర శాఖలకు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, రుసుము 10 రూపాయలు. నేను రాసిన కార్యాలయాల్లో ఒకటి వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపింది. ఇక్కడ అందరికీ పనికొచ్చే మాట: ఆ చట్టంలోనే 8(3) అని ఒకటుంది. 20 ఏళ్ళు దాటిన సంగతులకు ఈ వ్యక్తిగత సమాచారమనే అడ్డు చెల్లదు. ఆ సెక్షన్ రాసి అప్పీలుకు వెళ్ళాను. చాలా నెలల టెన్షన్ తర్వాత జవాబు వచ్చింది. అయితే పాత ఫైళ్ళు గడువు తీరాక తగలబెట్టడం, తూకానికి వేయడం మామూలే. లేని కాగితాన్ని ఏ సెక్షనూ పుట్టించలేదు. నాది దొరకడం అదృష్టం, అది మీకూ జరుగుతుందని హామీ ఇవ్వలేను. ఇంకోటి, 1944లో ఆ రైల్వేను సర్కారు తీసుకుంది, 1952లో తూర్పు రైల్వేలో కలిపారు, 1955లో ఆగ్నేయ రైల్వేగా విడదీశారు. అడిగేటప్పుడు ఈ మూడు పేర్లూ రాయండి.

వచ్చినవాటిలో బంగారంలాంటిది మొదటి నామినేషన్. పెళ్ళి కాకముందు రాసింది. 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టంలో ఆధారపడినవాళ్ళ జాబితాలో తల్లిదండ్రులు, మైనరు తమ్ముడు, పెళ్ళికాని చెల్లెలు ఉంటారు. మా ముత్తాత తల్లి పేరు, దాని కింద తమ్ముడి పేరు రాశాడు: పైడయ్య, వయసు 12. ఇన్నేళ్ళు "రంగం ఎల్లిపోనాడు" అన్న మాట తప్ప ఏమీ లేని మనిషికి పేరు, వయసు వచ్చాయి. పెళ్ళయ్యాక రాసిన రెండో నామినేషన్‌లో తమ్ముడు లేడు, భార్య వచ్చింది. ఆఖరి దానికంటే మొదటిదాన్ని అడగండి, తోబుట్టువులు ఉండేది అందులోనే.

పేర్ల సంగతి కొంచెం చెప్పాలి. బెంగాలీ గుమాస్తా రాతలో అప్పలస్వామి ఒకచోట అపల్సామి, ఒకచోట ఆపాల్ స్వామి. ఇంటిపేరు ఎక్కడా లేదు. అప్పలస్వామి అని వెతికితే ఎలాగూ ఉత్తరాంధ్ర సగం లేచొస్తుంది, కాబట్టి పేరుతో కాకుండా నంబరుతో, తండ్రి పేరుతో, ఊరితో వెతకండి.

పైడయ్య పేరు దొరికాక రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో రాసిన సూచికల్లో వెతికించాలి. బొబ్బిలి జమీందారీ కాబట్టి 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందు సర్కారీ భూమి లెక్కలు మనకు అందేలా ఉండవు, అమ్మకం దస్తావేజులే గతి. ముత్తాత తమ వాటా పొలం అమ్మిన దస్తావేజు దొరికింది. గొలుసుకట్టు రాత, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పదవి విరమించిన ఒక దస్తావేజు లేఖరి గారు కళ్ళద్దాలు తుడుచుకుని గడగడా చదివేశారు. అమ్మినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ముత్తాత. రెండోది, బర్మాలో ఉన్న పైడయ్య మైనరు కొడుకు తరఫున సంరక్షకురాలైన తల్లి. ఆవిడ పుట్టిల్లు ఫలానా గ్రామం అని రాసి ఉంది. ఆ గ్రామం పార్వతీపురం వైపు. అక్కడ అడిగితే ఇంటిపేరుతో సహా నాకు వరసకు చిన్నాన్నయ్యే ఆయన ఎదురొచ్చారు. వాళ్ళ దగ్గర రంగూన్ నుంచి వచ్చిన మనియార్డరు తోకముక్కలు ఇంకా ఉన్నాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక మరేవీ రాలేదట.

పైడయ్య ఏమయ్యాడన్నది మాత్రం తేలలేదు. తేలే దారి కూడా సన్నదే. బర్మాకు మనవాళ్ళు వెళ్ళింది మేస్త్రీల అడ్వాన్సుల మీద, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ నుంచి డెక్కు ప్రయాణికులుగా. వాళ్ళ బాకీలు మేస్త్రీ సొంత పుస్తకంలో ఉండేవి, సర్కారు పేర్లు రాసుకోవాల్సిన అవసరం పడలేదు. అదే మీ పూర్వీకుడు గిర్మిట్ మీద, అంటే కూలీ ఒప్పందం మీద, దక్షిణాఫ్రికా వెళ్ళి ఉంటే మీరు అదృష్టవంతులు. 1860 నుంచి 1911 దాకా అక్కడి నేటాల్‌కు లక్షన్నర మందికి పైగా వెళ్ళారు. ఓడల జాబితాల్లో ప్రతి ఒక్కరికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. తోట యజమాని డబ్బు కట్టి తెప్పించుకున్న కూలీ కదా, తప్పిపోతే పట్టుకోవాలి. విశాఖ, గంజాం జిల్లాల ఊళ్ళు వాటిలో బోలెడు. వెతికేటప్పుడు స్పెల్లింగు గురించి పట్టుదల వదిలేయాలి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ళకు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఉచితం. రంగూన్ స్మారకం మీదే దాదాపు 27 వేల పేర్లున్నాయి. చాలా పేర్ల పక్కన తల్లిదండ్రులు, భార్య, ఊరు కూడా ఉంటాయి. పైడయ్య అందులో లేడు.

సైన్యంలో చేసినవాళ్ళ కుటుంబాలకు నా సలహా చిన్నది. డిశ్చార్జి పుస్తకం, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) చేతిలో ఉంటే వాటి మీదున్న రెజిమెంటు నంబరుతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి. ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలో వాళ్ళు చెబుతారు. పెళ్ళి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్లలో, అంటే సిపాయి సొంత వివరాలు నమోదు చేసే ఆర్డర్లలో, ఎక్కి ఉంటాయి.

విదేశీ వంశవృక్షం సైటు ఒకదానికి ఏడాది చందా కట్టాను. మన వైపు కుటుంబాలకు దండగ. అక్కడ నాకు కనబడిన భారతదేశపు రికార్డుల్లో ఎక్కువ తెల్లదొరల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళే. పైగా మా ముత్తాతకు గుజరాత్‌లో ఉన్న ఎవరో స్వామిని అన్నదమ్ముడిగా అంటగట్టి రోజూ మెయిళ్ళు పంపేది. ఆ డబ్బుతో బొబ్బిలికి నాలుగుసార్లు బస్సెక్కి, దారిలో తాండ్ర పాపారాయుడి విగ్రహం దగ్గర టీ తాగి రావచ్చు.

రేటింగు ఇవ్వాలంటే: సెన్సస్ హ్యాండ్‌బుక్కులకు ఐదుకు మూడు, ఊరు తెలియకపోతే నాలుగు. పింఛను, పీఎఫ్ కాగితాలకు ఐదుకు ఐదు, దొరికితే. పాత దస్తావేజులకు నాలుగున్నర, చదివిపెట్టే మనిషి ఉంటే. ఓడ జాబితాలు నేటాల్, మారిషస్, ఫిజీ వెళ్ళిన ఇళ్ళకే.

మొదలుపెట్టాలనుకుంటే ముందు ఇంట్లో బతికున్న పెద్ద ముత్తయిదువనో, వితంతువునో ఎవరి పేరున ఎప్పుడైనా డబ్బు వచ్చిందో అడగండి. పాత పాస్‌బుక్కు, పీపీఓ సగం, మనియార్డరు రసీదు, ఏది కనబడినా రెండు వైపులా ఫొటో తీయండి, వెనక పెన్సిలుతో రాసిన నంబర్లతో సహా. లామినేషన్ మాత్రం చేయించకండి. వేడికి పాత సిరా పోతుంది, కాగితం మళ్ళీ విడదీయలేరు. మా పీఎఫ్ స్లిప్పు ఒకటి చిన్నాన్న ప్రేమతో చేయించినది అలాగే పోయింది.