ప్రీగాబలిన్, డులోక్సెటిన్: నరాల నొప్పికి నేను వాడిన రెండు మందులు

మధుమేహం వల్ల అరికాళ్లలో వచ్చే మంటకు నేను వాడిన రెండు మందుల్లో ప్రీగాబలిన్ నొప్పిని త్వరగా తగ్గించి నిద్ర పట్టించినా, తెల్లవారాక కూడా మత్తు వదలక, మెట్లు దిగుతుంటే తల తూలేది. పాదాలకు నీరు పట్టి చెప్పులు బిగుసుకున్నాయి, బరువూ పెరిగింది. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది కనుక, వాటి పనితీరు మందగించినవారికి మోతాదు తగ్గిస్తారు.

డులోక్సెటిన్ గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టింది. మొదట్లో వేధించిన వికారం భోజనం తర్వాత వేసుకోవడంతో సర్దుకుంది గానీ, నోరెండిపోవడం, చెమటలు, మలబద్ధకం మిగిలాయి. కుంగుబాటుకూ ఇచ్చే మందని తెలిసి ఇంట్లోవారు కంగారుపడ్డారు; నిజానికి మధుమేహపు నరాల నొప్పికీ దీన్ని వైద్యులు రాస్తారు. కాలేయ వ్యాధి ఉన్నవారికి మాత్రం ఇది తగదు. రెండింటిలో దేన్నీ ఒక్కసారిగా మానకూడదు. పగలంతా మత్తు లేకుండా పనిచేసుకోవలసిన నాకు డులోక్సెటినే నయమనిపించింది.