'పాత బండికి ఇది చాలు' అనే కొట్టులో బ్రేక్ డిస్కులు కొనకండి

పాత కారుకు బ్రేకు సామాను కొనడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్ళేవారు ముందు ఇది చదవండి. అక్కడ నిజాయితీగా అమ్మేవారు ఎంతోమంది ఉన్నారు, నేనూ ఏళ్ళ తరబడి అక్కడే కొంటున్నాను. నన్ను ముంచిన కొట్టు పేరు మాత్రం రాయలేను. నా దగ్గర బిల్లు లేదు. ఎందుకు లేదో చెబుతాను, అందులో నా తప్పూ ఉంది.

నాది 2009 నాటి పెట్రోలు స్విఫ్ట్. 15 ఏళ్ళు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్ళు పొడిగించుకున్నాను కాబట్టి ఇప్పట్లో వదిలే ఉద్దేశం లేదు. ఈ మధ్య 80 వేగంలో బ్రేకు నొక్కితే స్టీరింగు వణకడం మొదలైంది. మెకానిక్ ముందు చక్రాలు విప్పి, "డిస్కులు అరిగిపోయాయి సార్, లేత్ పట్టించి చదును చేస్తే మందం మిగలదు" అన్నాడు. ఆ మాట నిజమే. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం, ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కితే బండి ఆగుతుంది. దాని మీద కనీస మందం ఇంత ఉండాలని అచ్చు వేసి ఉంటుంది. మాది ఆ హద్దుకు వచ్చేసింది.

కంపెనీ కౌంటరులో రెండు డిస్కులకూ ప్యాడ్ల సెట్టుకూ కలిపి దాదాపు ఆరు వేలు చెప్పారు. మెకానిక్ పంపిన కొట్టులో మూడు వేల రెండు వందలు. తేడా ఎందుకని అడిగితే కొట్టతను నవ్వి, "సామాను అదే సార్, డబ్బా అదే. షోరూము అద్దె మీరెందుకు కట్టాలి? అయినా పాత బండికి ఇది చాలు" అన్నాడు. ఆ చివరి మాటకు నేను పడిపోయాను. బండి విలువ లక్ష కూడా రాదు, దానికి ఆరు వేల బ్రేకులా అని నా లోపలి పిసినారి అప్పటికే గొణుగుతున్నాడు. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని కూడా అతనే చెప్పాడు. సరేనన్నాను.

బిగించిన రోజు నుంచే పెడల్ కాస్త ఎక్కువ నొక్కాల్సి వచ్చేది. ఫోను చేస్తే "కొత్తవి కదా, రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగితే సెట్ అవుతాయి" అన్నాడు. ఈ మాటలోనూ నిజముంది, అందుకే నమ్మాను. కొత్త ప్యాడు డిస్కు మీద సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. కానీ సర్దుకుంటున్న కొద్దీ పట్టు పెరగాలి. నాకు తగ్గుతూ వచ్చింది.

పోయిన నెల కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో వెళ్ళినంతసేపూ దారి దాదాపు చదునే కనుక ఏమీ తెలియలేదు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు మలుపుల్లో దిగుతున్నప్పుడు మొదట కాలిన వాసన వచ్చింది. తర్వాతి మలుపులో పెడల్ నొక్కాను. రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. రెండు కాళ్ళతో తొక్కినా అంతే. రెండో గేరులోకి, ఆపైన మొదటి గేరులోకి దింపి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు అంచుకు చేర్చి ఆపాను. వెనక సీట్లో మా అత్తయ్య మల్లన్నను పిలుస్తూనే ఉంది. ముందు చక్రాల నుంచి పొగ.

సీసాలో నీళ్ళు పోయబోతుంటే వెనక వచ్చిన లారీ డ్రైవరు కేక వేశాడు. "పోయకండి సార్, ఇనుము పగులుతుంది. కాసేపు కూర్చోండి, అదే చల్లారుతుంది." దిగి వచ్చి ఒకసారి చూసి, ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని రెండు చీవాట్లు కూడా పెట్టాడు. అది నాకు తెలియని సంగతి కాదు. ఆ రోజు మూడో గేరులో దిగుతున్నానని ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడు వేడికి పట్టు వదిలేసినట్లు. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగినట్లు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అప్పుడు ఆ హద్దు 140కి పడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. నా ఆయిల్ కొత్తదే. తప్పు ప్యాడ్లదీ డిస్కులదీ.

హైదరాబాద్ చేరాక వేరే మెకానిక్ దగ్గర విప్పించాను. ప్యాడు రాపిడి పదార్థం ఒక మూల రేకు నుంచి ఊడివస్తోంది. గోటితో గీకితే పొడి రాలింది. డిస్కు మీద నీలం మచ్చలు, అతిగా వేడెక్కిన గుర్తు. ఆ మెకానిక్ ఏమీ మాట్లాడకుండా నా అరిగిపోయిన పాత డిస్కునూ ఈ కొత్తదాన్నీ పక్కనే ఉన్న కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళి కాటా మీద పెట్టాడు. ఇన్నేళ్ళు అరిగిన పాతది కొత్తదానికంటే దాదాపు అరకిలో ఎక్కువ తూగింది! ఇనుము ఎంత తక్కువుంటే డిస్కు అంత తొందరగా వేడెక్కుతుంది. డిస్కు చల్లబడడానికి లోపల ఉండే గాలి సందుల గోడలు కూడా పాతదాంట్లో కంటే సన్నగా ఉన్నాయి. కనీస మందం అచ్చు ఎక్కడా లేదు.

అప్పుడు గానీ డబ్బాను సరిగ్గా చూడలేదు. కంపెనీ రంగులు, మెరిసే స్టిక్కరు అన్నీ ఉన్నాయి. తయారుచేసినవారి చిరునామా లేదు, తయారీ నెల, ఏడాది లేవు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవన్నీ, గరిష్ఠ ధరతో సహా ఉండాలని 2011 నాటి తూనికలు, కొలతల నియమాలు చెబుతున్నాయి. కొట్టుకు తీసుకెళ్తే అతను డబ్బాను తిప్పి చూసి, "ఇది మా దగ్గరిది కాదు సార్, బిల్లు ఉందా?" అన్నాడు. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పేవాడిని, మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేసేవాడిని. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. ఆ జీఎస్టీ మిగులు నాకు పడ్డ ఖరీదు ఇది.

రెండోసారి కొన్నప్పుడు స్విఫ్ట్ అని చెప్పి అడగలేదు. ఆ పేరుతో 2005 నుంచి ఎన్నో రకాలు వచ్చాయి, 2010లో పెట్రోలు ఇంజినే మారింది. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు రాయించుకున్నాను. పాత డిస్కు, మందం కొలిచే వెర్నియరు సంచిలో వేసుకుని వెళ్ళాను. కౌంటరు కుర్రాడు వింతగా చూశాడు, చూడనీ. కంపెనీ సామానే కొనాలని నేననడం లేదు. రాణే, బాష్, బ్రెంబో వంటి పేరున్న సంస్థల ప్యాడ్లూ దొరుకుతాయి. అయితే పేరున్న డబ్బాకే నకిలీ పుడుతుందని మరవకండి. చిల్లులు, గాట్లు పెట్టిన అందమైన డిస్కులు చూపిస్తే మాత్రం దండం పెట్టి వచ్చేయండి, ఇంటి కారుకు వాటితో పని లేదు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. మొదటి మెకానిక్ తుప్పు పట్టిన హబ్ (చక్రం, డిస్కు బిగించే మధ్య భాగం) మీదే కొత్త డిస్కు ఎక్కించాడట. తుప్పు పొర ఒక పక్క కాస్త ఎత్తుగా ఉన్నా డిస్కు ఊగుతూ తిరుగుతుంది. అలా ఊగి ఊగి ఒకచోట ఎక్కువ అరిగి మందం తేడా వస్తుంది. స్టీరింగు వణుకుకు చాలాసార్లు కారణం ఇదే, మనం మాత్రం డిస్కు వంకరపోయిందంటాం. రెండో అతను హబ్‌ను ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త డిస్కుకు పూసిన నూనె కడిగి, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్నులు తీసి తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టాడు. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుందట. దుమ్మును ఎయిర్ పైపుతో ఊదనివ్వలేదు, తడి గుడ్డతో తుడిచాడు. చవక ప్యాడ్లలో ఏముంటుందో ఊపిరితిత్తులకు తెలియనక్కర్లేదన్నాడు.

తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కు మీద సర్దుకోవడానికి ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో, వెనక ఎవరూ లేనప్పుడు, 60 నుంచి 20 దాకా మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు నడిపాను. పూర్తిగా ఆపలేదు. ఇప్పుడు వణుకు లేదు, పెడల్ వేలితో నొక్కినట్లే ఉంది.

ఇదంతా రాస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. వెనక డ్రమ్ములకు బ్రేకు షూస్ కూడా అదే రోజు, అదే కొట్టులో కొన్నాను. రేపు ఉదయం విప్పిస్తున్నాను.