ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతుంటే కూలింగ్ ప్యాడ్ కొనాలా, లోపల శుభ్రం చేయించాలా: ఏది మేలు?

ఏప్రిల్ నడిమధ్యలో మా మేనల్లుడు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న ఆ అబ్బాయి ప్రాజెక్టు పని మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకల్లా అది ఏ హెచ్చరికా లేకుండా ఆరిపోతోంది. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఐదు నిమిషాలు కూడా నిలవడం లేదు. కొని నాలుగేళ్లయింది, ఇంతవరకు ఒక్కసారి కూడా వెనక మూత విప్పలేదు. స్నేహితులు కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక) కొనమన్నారు, మా బావగారు కొత్త ల్యాప్‌టాపే తీసుకుందామన్నారు, ఇంటి దగ్గరి షాపులో మదర్‌బోర్డు చూడాల్సి ఉంటుందన్నారు. “మామయ్యా, వీటిలో ఏది చేస్తే మేలు?” అని అడిగాడు. ప్రతి వేసవిలోనూ ఇదే ప్రశ్న ఎవరో ఒకరి నుంచి వస్తూనే ఉంది కాబట్టి, జవాబును కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఆగిపోవడానికి కారణం వేడేనా అన్నది తేల్చుకోవాలి. చార్జర్ పెట్టి ఉంచితే గంటల తరబడి నడిచి, తీసేస్తే మాత్రమే ఆరిపోతుంటే తప్పు చాలావరకు బ్యాటరీది. విండోస్ తన నమోదులను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’ అన్న నమోదును చూసి కొందరు అదే వేడికి సాక్ష్యం అనుకుంటారు గానీ, సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తప్ప అది మరేమీ చెప్పదు. నమ్మదగిన పద్ధతి హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, ఉష్ణోగ్రతలను ఫైలులోకి నమోదు చేయించి, ఆరిపోయే ముందు నమోదైన చివరి వరుసలు చూడడం. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీల సెల్సియస్. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అయినా వేడి అదుపులోకి రాకపోతే సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి కరెంటును పూర్తిగా ఆపేస్తుంది. మావాడి ఫైలులో ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడే 68 డిగ్రీలు, పని మొదలయ్యాక 99, 100 మధ్య ఉంది. సందేహానికి తావు లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఇక్కడే చెప్పాలి: టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినట్టు కనిపించినా అది బ్యాటరీ ఉబ్బడం, ప్రమాదకరం, వాడకం వెంటనే ఆపి, చార్జింగ్ పెట్టకుండా బ్యాటరీ మార్పించాలి.

ఏ మార్గం మేలో తెలియాలంటే, లోపల పుట్టిన వేడి ఏ దారిన బయటికి పోతుందో తెలియాలి. ప్రాసెసర్ చిప్ మీద, వేడిని పైకి అందించే పలుచని థర్మల్ పేస్టు, దాని మీద రాగి పలక, పలక నుంచి రాగి గొట్టాలు, ఆ గొట్టాల చివర దగ్గరదగ్గరగా పేర్చిన పలుచని రేకులు, ఆ రేకుల గుండా గాలిని బయటికి నెట్టే ఫ్యాన్. ఉన్న దారి ఇది ఒక్కటే. రాగి ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు కాగా గాలిది 0.03 కూడా లేదు. అందుకే పేస్టు ఎండిపోయి చిప్‌కూ పలకకూ మధ్య వెంట్రుకవాసి గాలి చేరినా వేడి అక్కడే నిలిచిపోతుంది. దీనికి మన ఎండలు తోడవుతాయి. మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ సంస్థ చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఏసీ లేని గది మధ్యాహ్నానికే ఆ హద్దు దాటేస్తుంది. గది వేడి 28 నుంచి 40కి పెరిగితే, ఫ్యాన్ అప్పటికే పూర్తి వేగంతో తిరుగుతున్న పక్షంలో, చిప్ వేడి కూడా దాదాపు ఆ 12 డిగ్రీలూ పెరుగుతుంది. డిసెంబరులో బాగానే పనిచేసిన ల్యాప్‌టాప్ ఏప్రిల్‌లో మొరాయించడానికి కారణం ఇదే.

ఇక కూలింగ్ ప్యాడ్ సంగతి. అది అడుగు భాగానికి గాలి కొడుతుంది. లోపల దారి బాగుండి, అడుగున గాలి పీల్చే రంధ్రాలు ప్యాడ్ ఫ్యాన్లకు ఎదురుగా ఉంటే, ఫ్యాన్‌కు అందే గాలి కొంత చల్లగా, ధారాళంగా ఉంటుంది. అడుగు భాగం మూసి ఉండి కీబోర్డు వైపు నుంచి గాలి తీసుకునే మోడళ్లకు దానివల్ల ప్రయోజనం దాదాపు లేదు. పాత తరహా యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 2.5 వాట్లు, అంత కరెంటుతో తిరిగే ఫ్యాన్ల నుంచి అద్భుతాలు ఆశించకూడదు. మావాడు స్నేహితుడి ప్యాడ్ తెచ్చి మూడు రోజులు వాడి చూశాడు. వేడి మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది, ఇరవై నిమిషాలకు ఆరిపోయేది అరగంటకు ఆరిపోయింది. ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు పుస్తకాలు పెట్టి ఎత్తినా దాదాపు అంతే తగ్గింది. వేరుకు పట్టిన తెగులుకు ఆకుల మీద మందు చల్లితే ఏం లాభం? ఆరిపోయే దశకు వచ్చిన ల్యాప్‌టాప్‌కు ప్యాడ్ కొనడం కూడా అటువంటిదే.

పైసా ఖర్చు లేని మార్గం మరొకటి ఉంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉండే ‘మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ను 100 శాతం నుంచి 99కి తగ్గిస్తే టర్బో వేగం (ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి పరుగెత్తడం) ఆగిపోతుంది. తగ్గించింది ఒక్క శాతమే అయినా, అసలు వేడి పుట్టించేది ఆ టర్బోయే కాబట్టి ఉష్ణోగ్రత గణనీయంగా దిగివస్తుంది. కొన్ని మోడళ్లలో ఈ ఎంపిక కనిపించకుండా దాచి ఉంటుంది. నష్టం వేగంలో ఉంటుంది. టైపింగ్‌కూ, ఆన్‌లైన్ క్లాసులకూ తేడా తెలియదు గానీ, వీడియో ఎడిటింగ్ చేసేవారికి తెలుస్తుంది. ప్రాసెసర్‌కు అందే వోల్టేజీని తగ్గించే అండర్‌వోల్టింగ్ ఇంతకంటే మేలైన ఉపాయమే. వేగం పోకుండా వేడి తగ్గుతుంది. అయితే ఇలా వోల్టేజీ మార్చే వీలునే దుర్వినియోగం చేసే ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం 2019 డిసెంబరులో బయటపడిన తర్వాత చాలా కంపెనీలు బయాస్ (ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా ఆ సౌకర్యాన్ని మూసివేశాయి. కనుక అందరికీ చేయదగిన సలహా 99 శాతమే. మర్నాడు ప్రాజెక్టు అప్పగించాల్సిన విద్యార్థికి ఆ రాత్రి గట్టెక్కడానికి ఇంతకు మించిన మార్గం లేదు. మావాడికీ మొదట చేసింది అదే. అయినా మూసుకుపోయిన దారి మూసుకుపోయే ఉంటుంది.

నా దృష్టిలో అసలు చికిత్స మూత విప్పి శుభ్రం చేయడం, పేస్టు మార్చడం. ఆదివారం ఉదయం ఇద్దరం కూర్చున్నాం. చార్జర్ తీసేసి, పూర్తిగా ఆపి, అడుగు స్క్రూలు విప్పాం. వాటి పొడవులు ఒకేలా ఉండవు కాబట్టి కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూను ఆ చోటే టేపుతో అంటించాం. మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ విడదీశాం. ఈ పని చేయకుండా లోపల మరే భాగాన్నీ ముట్టుకోకూడదు. పైకి చూస్తే ఫ్యాన్ మీద పెద్దగా దుమ్ము లేదు. ఫ్యాన్ విప్పి పక్కకు తీశాక, దానికీ రాగి రేకులకూ మధ్య పాత బొంత ముక్కలాంటి దుమ్ము పొర ఒకటి అట్ట కట్టి నిలబడి ఉంది. పరుపు దూది నూగు, వెంట్రుకలు, అగరుబత్తి మసి కలిసి గట్టిపడిన ఆ పొరను పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడివచ్చింది. బయటి నుంచి ఎంత ఊదినా అది కదిలేది కాదు, లోపలికి ఇంకా బిగిసేది. గాలి ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి పాడవుతుంది.

రాగి పలక కింద పేస్టు ఎండిన సున్నంలా పెళుసుబారి ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని గుడ్డతో రెండు వైపులా తుడిచి, కొత్త పేస్టును చిప్ మొత్తం కప్పేలా పలుచగా పరిచాం. పలక మీది స్క్రూలకు అంకెలు వేసి ఉంటాయి. ఆ వరుసలోనే కొద్దికొద్దిగా బిగిస్తే ఒత్తిడి సమానంగా పడుతుంది. పక్కనున్న మెమరీ చిప్‌ల మీద మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటే వాటి స్థానంలో పేస్టు పెట్టకూడదు. ఆ సందు పేస్టుతో నిండేది కాదు. యూట్యూబ్‌లో ఆకర్షణీయంగా కనిపించే లిక్విడ్ మెటల్ జోలికి ఇంట్లో వెళ్లవద్దని గట్టిగా చెబుతాను: అది కరెంటును ప్రసరింపజేస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. పేస్టు తరచూ మార్చే ఓపిక లేనివారు పీటీఎం7950 అనే పలుచని షీటు వాడవచ్చు. అది సుమారు 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులను నింపుతుంది, పేస్టులా అంచులకు జారిపోదు. మూత బిగించి, సెట్టింగును తిరిగి 100 శాతానికి మార్చి, అదే గదిలో అదే పని పెట్టి చూశాం. ఖాళీగా ఉన్నప్పుడు 51, పనిలో 84. రెండు గంటలు నడిచినా ఆగలేదు.

స్వయంగా విప్పాలా, షాపుకు ఇవ్వాలా అన్నది చేతి నైపుణ్యాన్ని బట్టి ఉంటుంది. వారంటీలో ఉన్నదైతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకువెళ్లాలి. లేనిపక్షంలో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఈ పని చేసేవారు చాలామంది ఉన్నారు. కళ్ల ముందే విప్పమని, ఫ్యాన్ పక్కకు తీసి రేకులు శుభ్రం చేయమని, వాడే పేస్టు పేరు చెప్పమని అడగాలి. పైపైన బ్లోయర్‌తో ఊది ఇచ్చేస్తే డబ్బు దండగ. ఇచ్చే ముందు, తెచ్చుకున్న తర్వాత ఉష్ణోగ్రతలు రాసి పెట్టుకుంటే పని జరిగిందో లేదో అంకెలే చెబుతాయి.

శుభ్రం చేసి, కొత్త పేస్టు పెట్టి, ఫ్యాన్ బాగా తిరుగుతున్నా తేలికపాటి పనికే 100 తాకుతోందనుకుందాం. అప్పుడు బయటికి వచ్చే గాలిని చేత్తో చూడండి. చిప్ కాలిపోతూ గాలి మాత్రం చల్లగా వస్తుంటే, పలక సరిగా కూర్చోలేదు, లేదా రాగి గొట్టం లోపలి ద్రవం పోయి అది వేడిని మోయలేకపోతోంది. పలక మళ్లీ కూర్చోబెట్టినా తేడా రాకపోతే హీట్‌సింక్ (పలక, గొట్టాలు, రేకులు కలిసిన భాగం) మొత్తాన్ని మోడల్ నంబరు చెప్పి తెప్పించుకోవచ్చు. మదర్‌బోర్డు గురించి గానీ, కొత్త ల్యాప్‌టాప్ గురించి గానీ ఆలోచించాల్సింది అదీ పనిచేయని తర్వాతే.

మావాడు ప్యాడ్‌ను స్నేహితుడికి తిరిగి ఇచ్చేశాడు. పరుపు మీద పెట్టుకుని వాడే అలవాటు మానేసి, చిన్న చెక్క పీట ఒకటి తెచ్చుకున్నాడు.