కేబీఆర్ పార్కు: పొద్దున్నే వెళ్తేనే దాని విలువ తెలిసేది

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య ఇంత అడవి మిగిలి ఉండటమే మన అదృష్టం. దాదాపు 390 ఎకరాలు. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. లోపలే నిజాం కుటుంబానికి చెందిన చిరాన్ ప్యాలెస్ కూడా ఉంది.

నడవడానికి రెండు దారులున్నాయి. కంచె బయట చుట్టూ తిరిగే దారికి టికెట్ అక్కర్లేదు, కానీ పక్కనే రోడ్డు. తొమ్మిది దాటాక హారన్లు, పొగ తప్పవు. టికెట్ కొని లోపలికి వెళ్లడమే మేలు. అక్కడ మట్టి బాట, కాళ్లకు హాయి. తెల్లారగానే వెళ్తే నెమలి కూత వినపడుతుంది. ఒక్కోసారి పది అడుగుల దూరంలో, తోకను ఎండుటాకుల మీద ఈడ్చుకుంటూ బాట దాటుతుంది. అప్పుడు కదలకుండా నిలబడండి. గింజలు మాత్రం వేయొద్దు, అలవాటుపడితే మనుషుల వెంటపడతాయి.

వానాకాలంలో అడవి పచ్చగా కళకళలాడుతుంది. కాకపోతే నాచు పట్టిన బండలు జారుతాయి, అరిగిన అడుగు ఉన్న బూట్లతో దిగకండి. ఎండాకాలం వచ్చేసరికి చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి. ఎనిమిదికే నీడ కరువు. మధ్యాహ్నం పూట లోపలి దారి మూసేస్తారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో దగ్గరే, ఆదివారం కారు కంటే అదే నయం.