క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి వొకాబులరీ కోర్సు: మూలాలు చెప్పిన తీరు, జాబితాలు ఇచ్చిన తీరు

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మందుల దుకాణం పైఅంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్ వారు సాయంత్రం పూట 'అడ్వాన్స్‌డ్ వొకాబులరీ' (ఇంగ్లిష్ పదసంపద) పేరుతో మూడు నెలల కోర్సు నడుపుతున్నారు. ఫీజు 4,500 రూపాయలు. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్సు పుస్తకం కూడా అందులోనే వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కూ బ్యాంకు పరీక్షలకూ తయారయ్యేవారినీ, విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష), జీఆర్‌ఈ (పీజీ ప్రవేశాలకు అడిగే పరీక్ష) రాయబోయేవారినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెడతారు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివిన నేను సీజీఎల్‌కు సిద్ధమవుతూ ఈ కోర్సు పూర్తి చేశాను. చేరవచ్చా అని అడిగే జూనియర్ల సంఖ్య పెరిగింది కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇక్కడ ఎత్తిచూపే లోపాలు మన జిల్లాలో చాలా చోట్ల కనిపించేవే.

ముందుగా మంచి సంగతి. కట్టిన ఫీజుకు పూర్తి ఫలితం దక్కేది మూలపదాల పాఠాల్లోనే. వాటిని చెప్పే పెద్ద సార్ పుస్తకం తెరవకుండా, ఒక్కో లాటిన్ లేదా గ్రీకు మూలాన్ని బోర్డు మీద రాసి, దాని కింద ఒక కుటుంబం మొత్తాన్ని నిలబెడతారు. ఒకరోజు 'ఫ్లుఎరె' అనే లాటిన్ క్రియ రాసి, ప్రవహించడం అని అర్థం చెప్పి, మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఎక్కడ అని అడిగారు. దామరచర్ల వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి "వాడపల్లి దగ్గర సార్" అంది. కలిసి పారే చోటు గనుక అది కన్‌ఫ్లుయెన్స్ అన్నారు. మాట తడబడకుండా సాగితే ఫ్లుయెంట్, సిరిసంపదలు పొంగిపొర్లితే అఫ్లుయెంట్, నిండిన తరువాత అంచు దాటి పోయేది, అంటే అవసరానికి మించినది, సూపర్‌ఫ్లుయస్. చివరగా అదే వరుసలో ఫ్లోరైడ్ అని రాశారు. కొలిమిలో వేస్తే ముడిలోహం తేలికగా కరిగి పారేలా చేసే ఖనిజానికి ఫ్లోర్‌స్పార్ అనే పేరు వచ్చిందనీ, ఫ్లోరిన్, ఫ్లోరైడ్ అనే పేర్లు ఆ ఖనిజం నుంచే పుట్టాయనీ వివరించారు. మర్రిగూడ, నాంపల్లి మండలాల బోరునీళ్ల గురించి చిన్ననాటి నుంచి భయంగా విన్న మాటకు, స్పోకెన్ ఇంగ్లిష్ పోస్టర్ల మీద కనిపించే ఫ్లుయెంట్ అనే మాటకు చుట్టరికం ఉందని ఆ రోజే తెలిసింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టిందని కూడా అదే పాఠంలో చెప్పారు. పరీక్షలో అడగకపోయినా, ఇలా విన్న మాటలు మళ్లీ చదవకుండానే గుర్తుండిపోయాయి.

మూలాలను గుడ్డిగా నమ్మితే ఎక్కడ బోల్తా పడతామో కూడా ఆయన దాచలేదు. లాటిన్‌లో పాదానికున్న 'పెడ్' నుంచి పెడల్, పెడెస్ట్రియన్ వచ్చాయి. ఆ లెక్కన డాక్టర్ల బోర్డుల మీద కనిపించే ఆర్థోపెడిక్‌లో కూడా పాదమే ఉందనుకుంటాం. నిజానికి అందులో ఉన్నది గ్రీకులో పిల్లవాడికి వాడే మాట. 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల అవయవాల వంకరలను సరిచేసే విద్యకు ఆ పేరు పెట్టాడు. పీడియాట్రీషియన్‌లో ఉన్నది కూడా ఆ మాటే. అలాగే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద వెళ్లే ట్యాంకర్ల వెనుక రాసి ఉండే ఇన్‌ఫ్లేమబుల్‌లో మొదటి అక్షరాలను చూసి 'అంటుకోనిది' అని అర్థం చెప్పుకుంటే కొంప మునుగుతుంది. అక్కడి 'ఇన్' వ్యతిరేకార్థం ఇచ్చేది కాదు. ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా త్వరగా మంట అంటుకునేదే.

ఇంత చక్కటి పాఠాలు వారానికి రెండు రోజులే. మిగిలిన రోజుల్లో మరో ఫ్యాకల్టీ వచ్చి, జిరాక్సు పుస్తకంలోని జాబితాల నుంచి రోజుకు నలభై మాటల చొప్పున చదివించి, ఒక్కొక్కదానికి ఒక తెలుగు మాట రాయించి వెళతారు. నా అసంతృప్తి అంతా ఇక్కడే. పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటుంది: ఫేమస్, రినౌన్డ్, ఎమినెంట్, ఇల్లస్ట్రియస్, నోటోరియస్, అర్థం, ప్రసిద్ధి చెందిన. దేవరకొండ వైపు నుంచి వచ్చే మిత్రుడొకడు ఆ వరుసను శ్రద్ధగా బట్టీపట్టి, వారాంతపు వ్యాసంలో తమ ఊరి డాక్టర్ పేదలకు సాయం చేయడంలో నోటోరియస్ అని రాశాడు. ఆ వాక్యం పక్కన టిక్కు కూడా పడింది. చెడ్డపనులకు పేరుపడ్డవాడికే ఆ మాట వాడతారని తరగతిలో ఎవరూ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు.

ఒక్క మాటకు ఒక్క అర్థం చాలదని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. కాలం చేశారు, కన్నుమూశారు, పోయాడు, చచ్చాడు అనే నాలుగింటికీ అర్థం ఒక్కటే. అయినా ఏది ఎవరి గురించి, ఎవరి ముందు అనాలో చదువు రానివారికి కూడా తెలుసు. ఇంగ్లిష్ మాటలకూ ఇలాంటి మర్యాద, జత ఉంటాయి. వాన హెవీ అవుతుంది, టీ స్ట్రాంగ్ అవుతుంది. వాటిని తారుమారు చేస్తే వ్యాకరణం తప్పకపోయినా వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. 'చేయడం' అనే అర్థంలో నేరానికీ పొరపాటుకూ జతపడే కమిట్, మంచిపనికి జతపడదు. ఈ జతలను చూపించే ఉదాహరణ వాక్యం ఆ పుస్తకంలో ఏ మాటకూ లేదు.

జాబితాలు పూర్తిగా దండగ అనను. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో ఇంగ్లిష్ నుంచి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అరమార్కు పోతుంది. సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు, ఒక పదబంధానికి బదులు ఒకే మాట వంటి ప్రశ్నలను నేరుగా అడుగుతారు కనుక, జాబితా కొంతమేరకు పనికి వస్తుంది. ఇంగ్లిష్‌కు 45 ప్రశ్నలు, 135 మార్కులు ఉండే టైర్-2కు వచ్చేసరికి, పేరాలోని ఖాళీలు నింపేటప్పుడు జత తెలియనివాడు తడబడతాడు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌ను నాలుగు అంశాలతో కొలుస్తారు, వాటిలో పదసంపద ఒకటి. అక్కడ పెద్దమాట తప్పుచోట పడితే మేలు కంటే కీడే ఎక్కువ. జీఆర్‌ఈ రాసేవారి పరిస్థితి మరీ అన్యాయం. వ్యతిరేకార్థకాలు, అనాలజీలు (రెండు మాటల మధ్య సంబంధాన్ని బట్టి అలాంటి మరో జంటను గుర్తించే ప్రశ్నలు) ఆ పరీక్ష నుంచి 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు వాక్యాల్లోని ఖాళీలు పూరించాలి, ఒకే భావం వచ్చే రెండు మాటలను ఆరింటి నుంచి ఎంచాలి. అయినా పుస్తకం వెనుక భాగమంతా పాత అనాలజీలే, ఎవరో ఎప్పుడో టైపు చేయించినవి, జిరాక్సుకు జిరాక్సు తీయగా సగం అక్షరాలు అలుక్కుపోయినవి.

మరో లోపం పునశ్చరణ లేకపోవడం. సోమవారం చదివించిన నలభై మాటలు మళ్లీ ఎప్పుడూ తిరిగి రావు. కొత్తగా నేర్చింది తొలిరోజుల్లోనే ఎక్కువగా మరుపున పడుతుందని 1885లోనే జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తన మీద తాను చేసుకున్న ప్రయోగాలతో చూపించాడు. ఈ సంగతిని పెద్ద సార్ తరగతిలోనే చెప్పారు. టైంటేబుల్ వేసేవారి దాకా అది చేరినట్టు లేదు. మాకు మేమే అట్టముక్కల మీద ఒకవైపు మాట, మరోవైపు వాక్యం రాసుకుని, వచ్చినవాటిని వారానికోసారి, రానివాటిని రోజూ తిరగేసేవాళ్లం. మార్కులు పెరిగింది ఆ అట్టముక్కలతోనే అని నా నమ్మకం.

చేరాలనుకునేవారికి కొన్ని వివరాలు. తరగతులు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. ఊళ్ల నుంచి వచ్చేవారికి బస్సు దొరకదని చెబితే పదిహేను నిమిషాలు ముందే పంపుతారు, ఈ విషయంలో వారు ఉదారంగానే ఉన్నారు. ఫీజు రెండు వాయిదాల్లో కట్టవచ్చు, కానీ రశీదు అడిగితేనే ఇస్తారు. డెమో క్లాసుకు పెద్ద సార్ పాఠాన్నే చూపిస్తారు కనుక, జాబితాల క్లాసుకు కూడా ఒకరోజు కూర్చుంటామని గట్టిగా అడగండి. సీజీఎల్, బ్యాంకు పరీక్షలవారు చేరవచ్చు. అయితే ప్రతి అర్థం కింద వాక్యం కూడా ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ ఒకటి తప్పక కొనుక్కోవాలి. ఇలాంటి డిక్షనరీలు రెండు మూడు వేల తేలిక మాటలతోనే అర్థాలు చెబుతాయి కనుక తెలుగు మీడియంవారికీ అవి కష్టం కావు. ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ వారికి మాత్రం ప్రస్తుతం ఉన్న పుస్తకంతో ఈ కోర్సును సిఫారసు చేయలేను. మూలపదాల పాఠాలను విడిగా, సగం ఫీజుకు ఇవ్వమని మా బ్యాచ్ తరఫున అడిగి చూశాం. వచ్చే బ్యాచ్‌కు చూద్దాం అన్నారు.