5,800 రూపాయల బైనాక్యులర్ పట్టుకుని రోళ్లపాడు 'వేట'కు

ముందే చెప్తున్నా, తుపాకీ వేట కాదు. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది, దాని మీద చెయ్యి వేస్తే జైలే. నేను పోయింది చూడ్డానికి. కాకపోతే ప్లాన్ మాత్రం అచ్చం వేటగాడి ప్లానే, నేర్పింది మా బావ కాబట్టి.

బావ ఉండేది కొలరాడోలో. ఏటా ఎల్క్ వేటకు పోతాడు, మన దుప్పి జాతిదే కానీ మగది 300 కిలోల దాకా తూగుతుందట. గైడును పెట్టుకుంటే వేల డాలర్లు వదులుతాయని అంతా సొంతంగా చేసుకుంటాడు. అక్కడ లైసెన్సు దొరికితే ప్రభుత్వ అడవుల్లో వేటాడొచ్చు, ప్రైవేటు భూమి అయితే ఓనరును అడగాల్సిందే. స్థానికులకు ఆ లైసెన్సు చవకే, పక్క రాష్ట్రం నుంచి వచ్చినోళ్లకు పది రెట్లు దాటుతుంది. నెలల ముందు నుంచే మ్యాపులు ముందేసుకుని నీళ్లెక్కడ, మేతెక్కడ, తెల్లారి గాలి ఎటు అని చూస్తుంటాడు. "తుపాకీ సంగతి తర్వాత, ముందు మంచి బైనాక్యులర్ కొనాలిరా. వేటంటే సగం కూర్చుని చూడ్డమే" అని ఆయన అంటే సరే, ఆ సగం నేనూ చేద్దామనిపించింది.

మొదట ఆన్‌లైన్లో 900కి '30x60' అని కనపడితే ఎగబడి కొన్నా. అదొక బొమ్మ. చెయ్యి వణికితే ఊరంతా ఊగుతుంది. ఆ నంబర్లు చూసి మోసపోవద్దు, మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనపడుతుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో చెప్తుంది, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి ఎంత వెలుగు అందుతుందో తెలుస్తుంది. 30x60 నిజమే అనుకున్నా వచ్చేది 2, మసక వెలుతురులో ఏమీ కనపడదు. ఇప్పుడు కొన్నది 8x42, అంటే 5 పైచిలుకు. జింకలు తిరిగేదే తెల్లారుజామున కదా, తేడా అక్కడ తెలిసింది.

జనవరిలో ఒక ఆదివారం నేనూ నా ఫ్రెండూ పొద్దున 5కే కర్నూలులో బండి తీశాం. రోళ్లపాడు సుమారు 45 కిలోమీటర్లు, నందికొట్కూరు మీదుగా. బట్టమేక పక్షి కోసం 1988లో పెట్టిన అభయారణ్యం అది, 6 చదరపు కిలోమీటర్లు దాటుతుందంతే. ఆ పక్షి ఏళ్లుగా కనపడటం లేదు, జింకలు మాత్రం దండిగా ఉన్నాయి. లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, మేము తీసుకోలేదు, బయట శనగ చేలో ఒక రైతును అడిగి గట్టు మీద కూర్చున్నాం. బావ చెప్పిన గాలి లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాలేదు, మైదానంలో బతికే కృష్ణజింక ముక్కు కన్నా కళ్లనే నమ్ముకుంటుంది, మనిషి లేచి నిలబడ్డాడంటే చాలు ఉరుకుతుంది. అందుకే కదలకుండా కూర్చున్నాం.

ఏడింటికి మంద వచ్చింది. 23 లెక్కపెట్టా. అందులో రెండు నల్ల మగవి, 300 మీటర్ల దూరం నుంచే మెలి తిరిగిన కొమ్ముల మీద వలయాలు కూడా కనపడినాయి. నేను మైమరచి చూస్తుంటే రైతు వచ్చి "ఏదీ, ఇట్లియ్యి నాయనా" అని బైనాక్యులర్ తీసుకున్నాడు. కాసేపు చూసి, "అవి తింటా ఉండేది నా శనగే!" అన్నాడు. రాత్రంతా డబ్బా కొట్టుకుంటూ కాపలా కాస్తాడట, నిద్ర పట్టిన గంటలో వచ్చి మేసి పోతాయట. "మీకేం, చూసి పోతారు" అంటే ఏం చెప్పాలో తెలియలేదు. నిజానికి ఆ పొద్దున ఆయన కేకలు పెట్టకుండా ఆగింది మా కోసమే, ఆ సంగతి తర్వాత అర్థమైంది.

ఇక వస్తువు సంగతి. చూపు బాగుంది, అద్దాల అంచుల్లో మాత్రం కాస్త మసక. కొన్నాక కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమవైపు సరిచేసుకుని, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి గొట్టం దగ్గరి రింగు తిప్పుకోవాలి, ఇది తెలియక మొదటి రెండు రోజులు తలనొప్పే, వాళ్లిచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. తాడు మరీ సన్నం, మెడ కోసుకుపోయింది. అద్దాల మూతలు ఊరికే ఊడిపోతాయి, ఒకటి పోయింది కూడా. కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టినా జవాబు రాలేదు. పది దాటాక ఎండమావుల్లో జింకలు నీళ్లలో ఈదుతున్నట్టు వణికినాయి, అది మాత్రం బైనాక్యులర్ తప్పు కాదు.

ఇద్దరికీ కలిపి పెట్రోలు, నందికొట్కూరులో ఉగ్గాని బజ్జి, టీలు, మొత్తం 400 దాటలేదు. ఐదుకు మూడున్నర ఇస్తా. ఆ తాడు బాగుంటే నాలుగు. పోయిన మూత ఆ శనగ చేలోనే ఎక్కడో ఉంటుంది, ఎటూ మళ్లీ పోతా, ఈసారి రైతుకు ఒక మంచి టార్చి లైటు పట్టుకుని.